చెప్పింది చెప్పినట్టు

4 నవంబరు 2002

ఈ పొద్దు ఆఫీసులో నా పరువు పోయింది.

యాడో లండన్ కాడుండే స్పాన్సరు ఒకాయన పల్లె పిల్లోనికి జాబు రాసి, చివర్లో 'డ్రాప్ మీ ఎ లైన్' అన్నాడు. నేను దాన్ని 'నా కోసం ఒక గీత జారవిడువు' అని తెలుగు చేసినా. కొండప్ప సార్ కండ్లద్దాలు నెత్తిమీదికి తోసుకొని, అందరికీ వినపడేటట్టు చదివినాడు.

"ఏమ్మా నాజ్‌నీన్, ఏం గీత? అడ్డగీతా, నిలువుగీతా?"

పక్క టేబుల్ పద్మప్రియకు తాగే నీళ్ళు పొలమారినాయి. "నాకు నాలుగు ముక్కలు రాయి అని దానర్థం తల్లీ. బి.ఏ. చదివినావు గదా!" అన్నాడు సార్.

చదివినా. తెలుగు మీడియంలో చదివినా. అది తెలిసే గదా ఈ పని ఇచ్చినారు. మా సంస్థ చూసుకునే పల్లె పిల్లోల్ల జాబులు ఇంగ్లీషులోకి, వాళ్ళ చదువుకు దుడ్డు పంపే స్పాన్సర్ల జాబులు తెలుగులోకి మార్చేది నా పని. పదహారు నెలలుగా మారుస్తాండా. వందల జాబులు మార్చినా. ఒక్క గీత కాడ దొరికిపోయినా.

ఇంటికొచ్చి డిక్షనరీ తీసినా. పాత పేపర్ల అంగడిలో నాయన కొనిచ్చింది, అట్ట గూడా లేదు దానికి. డ్రాప్ అనే మాటకు నిలువునా రెండు వరసలు! నాలుగక్షరాల మాటకు ఇంత సంసారమా? దీని అంతు చూస్తా. రోజుకొక అర్థం నేర్చుకుంటా. ఆఫీసులో పారేసిన పోయినేటి డైరీ ఒకటి తెచ్చుకున్నా. దీంట్లో రాసుకుంటా. ఇది ఎవరూ చదవాల్సిన పనిలేదు, కొండప్ప సార్ అసలే చదవాల్సిన పనిలేదు.

5 నవంబరు

చుక్క. ఇది అందరికీ తెలిసిందే. పోలియో చుక్కలు, అమ్మ కంట్లో వేసే చుక్కలు. వాన చుక్కను గూడా అంటారంట. దానికి ఉదాహరణ కదిరిలో యాడ దొరుకుతాది?

7 నవంబరు

దింపడం. బడికాడ దింపడం, బస్టాండులో దింపడం.

దీనికి ఉదాహరణ నా కాడే ఉండాది. రెండేండ్ల కిందట మా ఇంటాయన షఫీవుల్లా నన్ను గుంతకల్లు నుంచి రైల్లో తీసుకొచ్చి కదిరి స్టేషన్‌లో దింపినాడు. అమ్మానాయనల కాడ ఒక వారం ఉండమన్నాడు. ఇంటి దాకా గూడా రాలేదు. తిరుగు రైలెక్కేసినాడు, డ్యూటీ ఉండాదని. రైల్వే ఉద్యోగం అంటే అంతే గదా, సెలవులు యాడ దొరుకుతాయి. ఈ రంజాన్‌కు వస్తాడు.

11 నవంబరు

ఉపాసాలతో నాలుక పిడచగట్టుకపోతాండాది. అయినా రాస్తాండా.

గొంతు తగ్గించి మాట్లాడటాన్ని గూడా డ్రాప్ అంటారంట. ఇది నాకు బాగా తెలుసు. నేను వాకిట్లోకి అడుగు పెడితే చాలు, అమ్మా నాయనా చేసేది అదే.

నాయనను చూస్తే నవ్వూ వస్తాది, ఏడుపూ వస్తాది. ఒకప్పుడు ఖాసిం సాబ్ గొడుగులంగడి అంటే తెలియనోళ్ళు లేరు. వానలు పోయినాక గొడుగు బాగుచేయించుకునేది ఎవరు? ఇప్పుడు తాళాలు అమ్ముతాండాడు. ఈ యేడు తాళాలకు ఎక్కడలేని గిరాకీ. బెంగుళూరికి పనికి పోయేవాళ్ళంతా ఇంటికొక తాళం కొనుక్కొని పోతాండారు. "అల్లా, నా బేరం చెడిపోయినా మంచిదే, ఒక్క వాన పడనీ" అంటాడు, తాళంచెవులు గుత్తికి ఎక్కిస్తా.

సాయంత్రం ఒక సంచీలో తాళాలేసుకొని, గుంతకల్లు రైలొచ్చే యాలకు స్టేషన్‌కు పోతాడు. ఆడ బేరాలు బాగుంటాయంట.

15 నవంబరు

ఈ పొద్దు ఒక మంచి జాబు వచ్చింది. స్కాట్లాండులో ఉండే హిల్డా అనే ముసలామె రాసింది. తిరుపాలమ్మ అని ఏడో తరగతి పిల్లకు ఈమె స్పాన్సరు. అక్షరాలు వణుకుతాండాయి గానీ మనసు మాత్రం తేట.

'మీ కుటుంబం పెద్ద నగరానికి మారిందని, నువ్వు చాలా సంతోషంగా ఉన్నావని చదివి నాకెంతో ఆనందమైంది. ఇంక నా సాయం నీకు అక్కర్లేదు. నీ కంటే పేదదైన ఇంకో పిల్లకు ఆ చోటు ఇవ్వమని సంస్థకు రాస్తున్నాను. బాగా చదువుకో.'

కొండప్ప సార్‌కు ఇచ్చినా. "డ్రాప్ కాలమ్‌లో ఎక్కించమ్మా, ఇంటోళ్ళు ఊరిడిసినారు, స్పాన్సరు వద్దనింది అని రాయి" అన్నాడు. ఆగస్టులో ఆ పిల్ల జాబు మార్చింది నేనే. రిజిస్టరులో పేరు కొట్టేసింది గూడా నేనే. స్కేలు పెట్టి నీటుగా కొట్టేసినా.

డ్రాప్: జాబితాలో నుంచి తీసెయ్యడం. ఇది డిక్షనరీ లేకుండానే వచ్చింది.

20 నవంబరు

ఆఫీసు మెట్లమీద ఒక ముసలామె కూర్చోనుండాది. ఒళ్ళో బడి సంచీ. మెడలో నల్లదారానికి తాళంచెవి. తిరుపాలమ్మ అవ్వ అంట, పేరు రామలక్ష్మమ్మ. పల్లె నుంచి బస్సు తప్పిపోతే నడిచొచ్చింది.

"ఏమ్మా, మా పాపకు హాస్టల్ సీటు ఎప్పుడొస్తాది?"

"ఏం సీటవ్వా?"

"జాబులో రాసింది గదమ్మా స్పాన్సరమ్మకు, నన్ను హాస్టల్లో పెట్టమను అని. నా ముందరే రాసింది. బువ్వ మెతుకు పెట్టి అంటించింది నేనే."

నీళ్ళు తాగుదామని లోపలికి తిరిగి, ఆగినా. ఉపాసం గదా. మా సంస్థ స్పాన్సరున్న పిల్లోల్లకు మాత్రమే కదిరి హాస్టల్లో చోటిస్తాది. పేరు కొట్టేస్తే హాస్టలూ లేదు, ఏమీ లేదు.

"పాప ఇప్పుడు యాడుండాది?"

"బెంగుళూర్లో ఇసక మోస్తాండాది వాళ్ళమ్మతో పాటు. ఏప్రిల్లో ఏడో తరగతి పరీచ్చలంట. సీటొస్తే వచ్చి పిలుచుకపోతానని మాటిచ్చి పంపించినా. అందుకే పోయింది, లేకుంటే పోయేదే కాదు. గుంజను పట్టుకొని ఏడ్చింది." సంచీ తట్టి చూపించింది. "పుస్తకాలు. ఇంట్లో పెడితే ఎలకలు కొట్టేస్తాయని నా ఎంబడే తిప్పుతాండా. ఇల్లు తాళమేసిపోయినారు, చెవి నా కాడే ఉండాది గానీ ఒక్కదాన్నే లోపల పండుకోలేక పంచలోనే పండుకుంటాండా. ఈ తాళం గూడా ఖాసిం సాబ్ కాడ కొనిందే. మీ నాయనంట గదా?"

"పెద్దసార్లు చూస్తాండారవ్వా. వచ్చే బుధవారం రా" అన్నా.

పేరు కొట్టేసి అప్పటికి అయిదు రోజులు.

21 నవంబరు

నేను చేసింది ఆఫీసు పద్ధతి. అంతే.

22 నవంబరు

పద్ధతి అని ఊరికే అనలేదు, నిజంగానే ఒక పద్ధతి ఉండాది. పిల్లోల్ల జాబుల్లో ఏడుపు ఉంటే తీసెయ్యాల. అది కావాల ఇది కావాల అని అడిగింటే తీసెయ్యాల. కొంచెం తీపి కలపాల. పద్మప్రియ గూడా కలుపుతాది. నాకు ముందున్నోళ్ళూ కలిపినారు. నేనొక్కదాన్నే చేసినట్టు ఎందుకనుకోవాల?

డిక్షనరీ ముట్టలేదు.

25 నవంబరు

ఫైలు తీసినా. రెండు జాబులూ పక్కపక్కనే గుండుసూది గుచ్చి ఉండాయి. ఈడ ఎక్కించుకుంటాండా, రేపు నాకు నేను ఇంకోలా చెప్పుకోకుండా.

ఆ పిల్ల రాసింది: 'అమ్మగారికి తిరుపాలమ్మ నమస్కారాలు. వానలు రాలేదు. చెనిక్కాయ చెట్లు ఎండిపోయినాయి. మా ఎద్దుల్ని అమ్మేసినారు. మావాళ్ళు బెంగుళూరికి పోతాండారు. నాకు పోవాలని లేదు. పోతే మళ్ళీ బడికి పంపరు. మీరు చెబితే నన్ను హాస్టల్లో పెట్టుకుంటారంట. దయచేసి చెప్పండి.'

నేను ఇంగ్లీషులో రాసింది: 'ప్రియమైన అమ్మా, నేను క్షేమం. ఇక్కడ వాతావరణం పొడిగా ఉంది. మా కుటుంబం బెంగుళూరు అనే అందమైన పెద్ద నగరానికి మారుతోంది. నేను చాలా సంతోషంగా ఉన్నాను. నాకు బడి అంటే ఇష్టం. కృతజ్ఞతలు.'

చాలా సంతోషంగా! ఆ పిల్ల జాబులో సంతోషం అనే మాట యాడా లేదు. నాలుగుసార్లు వెదికినా. యాడ నుంచి తెచ్చినా నేను దాన్ని?

పేరు కొట్టేసింది స్పాన్సరు కాదు, కొండప్ప సార్ కాదు. ఆగస్టులోనే నేను కొట్టేసినా.

28 నవంబరు

కొండప్ప సార్‌తో చెప్పినా. అంతా చెప్పినా.

ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి, చాలాసేపు అదే పని చేసినాడు. "చూడమ్మా, పదకొండేండ్లుగా ఉండా నేను ఈ పనిలో. మొదట్లో ఏడుపులు ఏడుపుల్లాగే పంపినాం. ఒక జాబు చదువుతారు, రెండు చదువుతారు. మూడోదానికి వాళ్ళకు చేతకాదు, మానుకుంటారు. వాళ్ళూ మనుషులే గదా! పిల్లోల్లు నవ్వుతా ఉంటేనే స్పాన్సర్లు నిలబడతారు."

"ఈ పిల్లను నవ్వించే ఇట్ల చేసినాం గద సార్."

"స్పాన్సరే వద్దన్నాక నేనేం చేసేది? డిసెంబరు ముప్పై ఒకటికి ఆ చోట్లో కొత్తపిల్ల ఫారం పోవాల. నువ్వు సొంతంగా ఆమెకు రాస్తానంటావేమో, అట్ల రాస్తే ఉద్యోగం ఉండదు, ముందే చెప్తాండా. డ్రాప్ ఇట్, నాజ్‌నీన్."

ఇంటికొచ్చి చూసినా. ఇంక ఆ మాట ఎత్తొద్దు అని అర్థం.

6 డిసెంబరు

రంజాన్. ముగ్గురముంటే అమ్మ నాలుగు గిన్నెల్లో సేమ్యా పోసింది. నాలుగోది సాయంత్రం దాకా మూతపెట్టి, తర్వాత పక్కింటికి ఇచ్చింది. రైళ్ళు రద్దయినాయేమో. నాయన స్టేషన్ నుంచి బాగా ఆలస్యంగా వచ్చినాడు. ఒక్క తాళం గూడా అమ్ముడుపోలేదంట. పండగపూట ఎవరు కొంటారు.

11 డిసెంబరు

రామలక్ష్మమ్మ మళ్ళీ వచ్చింది. మధ్యలో రెండు బుధవారాలు నేను లోపలుండి గూడా లేనని చెప్పించినా. ఇది ఇంతకుముందు రాయలేదు.

ఈ పొద్దు తప్పించుకోలేకపోయినా. గేటుకాడే పట్టుకుంది.

"పాప ఫోన్ చేసింది తల్లీ, పల్లెలో టెలిఫోన్ అంగడికి. రూపాయి బిళ్ళ వేసి చేసింది. సీటొచ్చిందా అవ్వా అని అడిగింది, అంతే, కట్టయిపోయింది. నేనేం చెప్పేది?"

"వస్తాదవ్వా. తప్పకుండా వస్తాది."

ముసలామె ముఖం వెలిగిపోయింది. నా చేతులు పట్టుకొని కండ్లకద్దుకుంది. వస్తాది అనే మాట నా నోటికి ఎంత అలవాటై పోయిందో! పక్కింటోళ్ళు అడిగితే, వస్తాడు. అమ్మ ఏమీ అడగకపోయినా, వస్తాడు. ఇప్పుడు ఈమెకు గూడా అదే పోసినా, చల్లగా.

12 డిసెంబరు

రాసినా. మూడుసార్లు చించి నాలుగోసారి రాసినా. ఈ పని పోతే నేను మళ్ళీ ఇంటి వాకిట్లో కూర్చొని, మీ ఆయన ఎప్పుడొస్తాడు అనేవాళ్ళకు జవాబులు చెప్పుకుంటా బతకాల. భయమేసింది. భయపడతానే రాసినా. ఇంగ్లీషులో తప్పులుంటే ఉండనీ. తెలుగులో ఇదీ దాని సంగతి:

'హిల్డా అమ్మగారికి. నా పేరు నాజ్‌నీన్. తిరుపాలమ్మ జాబులు మీకు ఇంగ్లీషులో రాసేది నేను. ఆగస్టులో ఆ పిల్ల సంతోషంగా ఉందని రాశాను. అది ఆ పిల్ల చెప్పలేదు. నేను రాశాను. ఇక్కడ వానలు లేవు. పంట ఎండిపోయింది. వాళ్ళు బాగుపడి బెంగుళూరు పోలేదు, తిండి లేక పోయారు. ఆ పిల్ల తనను హాస్టల్లో పెట్టమని చెప్పమంటూ మిమ్మల్ని అడిగింది. ఆ మాట నేను తీసేశాను. ఇప్పుడు పన్నెండేండ్ల పిల్ల ఇసుక మోస్తోంది. మీరు మంచి మనసుతో ఆ చోటు ఇంకొకరికిమ్మన్నారు. మీ తప్పు లేదు, తప్పు నాది. డిసెంబరు ముప్పై ఒకటి తర్వాత ఆ చోటు పోతుంది. ఆ పిల్ల జాబును ఒక్క మాట కూడా మార్చకుండా దీనితో పంపుతున్నాను.'

జవాబు ఇంటికే రమ్మని, కేరాఫ్ ఖాసిం సాబ్, తాళాల అంగడి, కదిరి అని అడ్రసు ఇచ్చినా. పెద్ద పోస్టాఫీసు డబ్బాలో వేసినా. అడుగున పడిన చప్పుడు వినపడేదాకా చెయ్యి బయటికి తీయలేదు.

20 డిసెంబరు

ఏమీ లేదు.

26 డిసెంబరు

డిక్షనరీలో రెండో వరసకు వచ్చినా. ఎండ తగ్గడం, గాలి ఆగడం, ధర పడిపోవడం, కునుకు పట్టడం, చెప్పకుండా ఎవరింటికన్నా పోవడం. ఒకే మాట ఇన్ని పనులు చేస్తాంటే దాన్నేమీ అనలేం. ఏం పని చేయిస్తాండామో చెప్పాల్సింది మనమే.

31 డిసెంబరు

కొత్తపిల్ల ఫారం నా టేబుల్ మీదికి వచ్చింది. ఆ పిల్ల గూడా పేదదే, ఫోటోలో కొత్త గౌను వేసుకొని బిత్తరపోయి చూస్తాండాది. దాన్ని పంపిస్తే తిరుపాలమ్మ చోటు నిజంగానే పోతాది.

"ఫోటో మసగ్గా ఉండాది సార్. తిప్పి పంపిస్తే మేలు" అన్నా.

కొండప్ప సార్ ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ కాడికి పోయి వెలుతుర్లో పెట్టి చూసినాడు. అద్దం మాదిరి ఉండాది ఫోటో. నన్ను చూసినాడు. "అవునమ్మా, మసగ్గానే ఉండాది. జనవరి నెలాఖరు దాకా టైమిద్దాం" అని టేబుల్ మీద పెట్టి పోయినాడు.

ఆయన్ని ఇన్నాళ్ళు ఎంత తిట్టుకున్నా! తిట్టినవన్నీ వాపసు తీసుకోను గానీ, సగం తీసుకుంటాండా.

9 జనవరి 2003

పోస్టుమన్ వచ్చినాడు. నాయనకు తాళాల కంపెనీ కార్డు.

17 జనవరి

వచ్చింది! నాయన అంగడి నుంచి పరుగెత్తుకొచ్చినాడు, చెప్పులు గూడా లేకుండా. నీలం కవరు. నాయన అడ్రసు చదివి "స్కాట్లాండులో గూడా నా అంగడి తెలిసిపోయింది పాపా" అని మురిసిపోయినాడు.

హిల్డా రాసింది: 'నీ మీద నాకు కోపంగా ఉంది, నాజ్‌నీన్. ఇన్నాళ్ళుగా నేను చదివింది ఆ పిల్లనా, నిన్నా? అది నాకిప్పుడు తెలియదు. నేను చిన్నప్పుడు చేపలు శుభ్రం చేసే షెడ్డులో పనిచేశాను, ఉప్పుకు వేళ్ళు పగిలేవి. పొడి వాతావరణం అని ఎవరైనా నాకు రాస్తే అర్థం కాదు, ఎద్దుల్ని అమ్మేశారు అంటే అర్థమవుతుంది. ఆ పిల్లను వెంటనే హాస్టల్లో చేర్చమని మీ సంస్థకు రాశాను. ఇంక నాకు తీపి జాబులు వద్దు. నిజం రాసినందుకు నీకు కృతజ్ఞతలు. కోపం ఇంకా పోలేదు.'

చదివి నాయన ముందరే ఏడ్చినా. నాయన అంగడి తెరిచి ఉండాదని పోయినాడు. కాసేపటికి మిరపకాయ బజ్జీలు పంపించినాడు.

21 జనవరి

కొండప్ప సార్ పిలిచినాడు. అరవలేదు. అరిచింటే బాగుండు.

"పై ఆఫీసు నుంచి వచ్చింది. నిన్ను తీసెయ్యమన్నారు. నేను స్టోర్‌కు మార్చుకుంటానని రాసినా. పుస్తకాలు, దుప్పట్లు లెక్కబెట్టుకుంటా కూర్చో. జాబులు ముట్టుకోవద్దు." తిరిగి పోతాంటే వెనక్కి పిలిచి, "సీటు ఇచ్చినాం. ముసలామెకు కబురు పంపు" అన్నాడు.

కబురు పంపలేదు. నేనే బస్సెక్కి పోయినా. తాళమేసిన ఇంటి పంచలో ఉండాది రామలక్ష్మమ్మ. ఆ వీధిలో తొమ్మిది ఇండ్లకు తాళాలుండాయి, అన్నీ నాయన అంగడివే. సీటొచ్చింది అని చెప్పినా. ఆగస్టు నుంచి జరిగింది గూడా చెప్పినా.

ముసలామె బడి సంచీ ఒళ్ళో నుంచి తీసి పక్కన పెట్టింది. తిట్టలేదు. "ముందే చెప్పింటే అయిపోవునే తల్లీ. నాలుగు బుధవారాలు తిరిగితి" అనింది. అంతే. తర్వాత చెంబుతో నీళ్ళిచ్చింది. తాగలేక తాగినా.

3 ఫిబ్రవరి

తిరుపాలమ్మ వచ్చింది. అవ్వ బెంగుళూరికి పోయి పిలుచుకొచ్చింది. ఫోటోలో కంటే పొడుగు, ఫోటోలో కంటే సన్నం. స్టోర్‌లో దుప్పటి ఇస్తా చేతులు చూసినా. సిమెంటుకు వేళ్ళ సందులు తెల్లగా పగిలిపోయి ఉండాయి. కొబ్బరినూనె ఇచ్చినా. తీసుకుంది. నన్ను కింద నుంచి మీద దాకా చూసి, "నువ్వేనా నా జాబు మార్చింది?" అనింది.

"నేనే."

దుప్పటి భుజాన వేసుకొని పోయింది. నాకు కోపం రాలేదు. రావాల్సింది నాకు కాదు.

8 ఫిబ్రవరి

హిల్డాకు తిరుపాలమ్మ జాబు రాయాల. "ఈ ఒక్కటి మాత్రం నువ్వే రాయి, నువ్వు తెచ్చిపెట్టిన తలనొప్పి" అన్నాడు కొండప్ప సార్. మధ్యాన్నం హాస్టల్ వరండాలో కూర్చున్నాం. ఆ పిల్ల తను రాసుకున్న కాగితం ఒళ్ళో పెట్టుకుంది, చేతిలో పెన్సిలు.

"అక్కా, నేను చెప్పింది చెప్పినట్టు రాయల్ల. రాసినాక మళ్ళీ నాకు తెలుగులో చదివి చెప్పల్ల. సరిగ్గా ఉంటేనే టిక్కు పెడతా."

"సరే."

చెప్పింది. బెంగుళూర్లో ఎనిమిదో అంతస్తు దాకా ఇసక మోసినా. తమ్ముడికి జరమొచ్చింది, ఇప్పుడు తగ్గింది. అమ్మ గుర్తొస్తాండాది. హాస్టల్లో సాంబారు నీళ్ళ మాదిరి ఉంటాది. మీరు చెప్పినందుకు సీటొచ్చింది. పరీక్షలకు రెండు నెలలే ఉండాది, లెక్కలంటే భయం. నేను ఇప్పుడు సంతోషంగా ఉండానో లేదో తెలీదు, తెలిసినాక రాస్తా.

సాంబారు కాడ నా చెయ్యి ఆగింది. "రాస్తాండావా?" అనింది. రాసినా. ఒక్కొక్క వాక్యం మళ్ళీ తెలుగులో చదివి చెబితే, పెన్సిలుతో ఒక్కొక్కదానికి టిక్కు పెడతా వచ్చింది, పరీక్ష పేపరు దిద్దే టీచరు మాదిరి. సాంబారు టిక్కు కొంచెం గట్టిగానే పెట్టింది.

అంతా అయినాక కవరు అంటిస్తాంటే, ఊరికే అడిగింది. "మీదీ ఊరేనా అక్కా?"

"అవును. ఖాసిం సాబ్ మా నాయన."

"మీ ఇంటాయన?"

"గుంతకల్లులో. రైల్వే."

"మరి నువ్వు ఈడుండావే?"

నోరు తెరిచినా. ఆయనకు డ్యూటీలెక్కువ, సెలవు దొరకదు, పండక్కి వస్తాడు. రెండేండ్లుగా అందరికీ చెప్పిన మాటలే, వరసగా నాలుకమీద నిలబడినాయి. ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తాండాది. పెన్సిలు ఇంకా చేతిలోనే ఉండాది.

"వదిలేసిపోయినాడు. రాడు" అన్నా.

ఆ పిల్ల అయ్యో అనలేదు. కాగితం అంచున, ఏ వాక్యమూ లేని చోట, ఒక టిక్కు పెట్టింది. తర్వాత నూనె సీసా అడిగి తీసుకొని చదువుకోవడానికి పోయింది.

ఇంటికొచ్చేసరికి నాయన తాళాల సంచీ భుజానికి తగిలించుకొని చెప్పులేసుకుంటాండాడు. గుంతకల్లు రైలుకు యాలయింది.

"పోవద్దు నాయనా" అన్నా.

"తాళాలమ్ముకునేదానికి గద పాపా పోయేది" అన్నాడు, నన్ను చూడకుండా.

"దిగేటోళ్ళకు తాళాలెందుకు నాయనా? ఆయన రాడు. నాకు తెలుసు. శానా దినాల నుంచి తెలుసు."

అమ్మ వంటింట్లో నుంచి వచ్చి తలుపుకాడ నిలబడింది. ఈసారి ఎవరూ గొంతు తగ్గించలేదు. నాయన సంచీ దింపి గోడవారగా పెట్టినాడు. లోపల తాళాలన్నీ గలగలమన్నాయి. చెప్పులిడిచి నా పక్కన అరుగుమీద కూర్చున్నాడు.

"అయితే టీ పెట్టు తల్లీ" అన్నాడు. "ఈ యాలప్పుడు ఇంట్లో టీ తాగి రెండేండ్లాయ."